అప్‌డేట్: మాజీ భర్త 401(కె)లో నా వాటా చేతికి వచ్చింది

విడాకుల డిక్రీలో మాజీ భర్త 401(కె)లో (అమెరికాలో ఉద్యోగం ద్వారా పదవీ విరమణ కోసం పొదుపు చేసుకునే ప్లాన్) సగం నాదని స్పష్టంగా ఉన్నా, ప్లాన్ నిర్వాహకులు ఒక్క డాలరు కూడా ఎందుకు బదిలీ చేయడం లేదని ఫిబ్రవరిలో అడిగాను. మా కేసు టెక్సస్‌లోది.

మీరు చెప్పినట్లే డిక్రీ ఒక్కటే సరిపోదు. ఉద్యోగుల పదవీ విరమణ ప్లాన్లకు సంబంధించిన 1974 నాటి ఎరీసా అనే అమెరికా చట్టం కిందికి వచ్చే ప్లాన్ నుంచి మాజీ జీవిత భాగస్వామికి వాటా రావాలంటే, క్యూడీఆర్ఓ అనే ప్రత్యేక ఉత్తర్వు కోర్టు ఇవ్వాలి, అది నిబంధనల ప్రకారమే ఉందని ప్లాన్ నిర్వాహకులు అంగీకరించాలి. మా మొదటి ఉత్తర్వు తిరిగి వచ్చింది. అందులో "సగం" అని రాశారే తప్ప, ఏ తేదీ నాటి నిల్వలో సగమో, ఆ తర్వాతి లాభనష్టాలు ఎవరివో రాయలేదు. ఆ ఒక్క వాక్యం చేర్చి, జడ్జి సంతకంతో మళ్లీ పంపడానికి మూడు నెలలు పట్టింది. పెళ్లికి ముందు ఆయన జమ చేసుకున్న మొత్తాన్ని లెక్కలోంచి తీసేశారు, అది న్యాయమే.

క్యూడీఆర్ఓ ప్రకారం ప్లాన్ నుంచి నేరుగా తీసుకుంటే, నా వయసు 59½ దాటకపోయినా, ముందుగా తీసుకున్నందుకు పడే 10 శాతం జరిమానా పడదు. ఆదాయపు పన్ను మాత్రం తప్పదు, అందుకోసం 20 శాతం ముందే పట్టుకున్నారు. ఐఆర్ఏలోకి (సొంత పేరు మీద తెరుచుకునే పదవీ విరమణ ఖాతా) మార్చి ఆ తర్వాత తీస్తే ఈ మినహాయింపు వర్తించదు కనుక, బాబు కాలేజీ ఫీజుకు కావలసినంత నేరుగా తీసుకుని, మిగిలినది ఐఆర్ఏలో వేశాను.

ఇంకా డిక్రీ రాని వారు క్యూడీఆర్ఓ ముసాయిదాను దానితోపాటే రాయించుకోండి. ఆయన ఈలోగా ఆ డబ్బు తీసేసుకుంటారేమోనని నేను ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా గడిపాను.