ఫ్రక్టోజ్ నీళ్ళు తాగిన ఎలుకల బరువు పెరగలేదు, ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరిగాయి: దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, మద్దిలపాలెం:

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఫార్మకాలజీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. తీపి ఎక్కువైన ఆహారం జీవక్రియను ఏ విధంగా దెబ్బతీస్తుందో చూడడానికి, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి తీసుకుని, విస్టార్ అనే ప్రయోగశాల జాతి మగ ఎలుకలను రెండు గ్రూపులు చేశాము. ఒక గ్రూపుకు మామూలు నీళ్ళు, రెండవ గ్రూపుకు 10 శాతం ఫ్రక్టోజ్ (పండ్లలో, పంచదారలో ఉండే ఒక చక్కెర) కలిపిన నీళ్ళు ఎనిమిది వారాల పాటు ఇచ్చాము. గుళికల మేత రెండు గ్రూపులకూ ఒకటే.

చివరికి చూస్తే రెండు గ్రూపుల శరీర బరువులో చెప్పుకోదగిన తేడా లేదు. పరగడుపు గ్లూకోజ్ కూడా దాదాపు సమానంగానే ఉంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు మాత్రం ఫ్రక్టోజ్ గ్రూపులో స్పష్టంగా పెరిగాయి. ఎలుకలు లావెక్కలేదు, మధుమేహం రాలేదు కనుక రుగ్మతను ఎలుకలలో తెప్పించి చూసే మా మోడల్ విఫలమైనట్టేనని తోటి విద్యార్థులు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు కానీ, వైవాలో దాన్ని ఎలా సమర్థించుకోవాలో తెలియడం లేదు. థీసిస్‌కు "అధిక పంచదార ఆహారం – జీవక్రియ రుగ్మతలు" అని పేరు పెట్టాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

విశ్రాంత జీవరసాయన అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

అమ్మా, మీ ప్రయోగం విఫలం కాలేదు. ఫ్రక్టోజ్ మొదట ఎక్కడ పనిచేస్తుందో అక్కడే మీకు మార్పు కనబడింది.

గ్లూకోజ్‌ను శరీరంలోని కణాలన్నీ వాడుకుంటాయి. ఫ్రక్టోజ్ ఎక్కువ మోతాదులో వచ్చినప్పుడు ఆ బరువంతా ప్రధానంగా కాలేయం మీద పడుతుంది. అక్కడ కీటోహెక్సోకైనేజ్ అనే ఎంజైము దాన్ని పట్టుకుని ఫ్రక్టోజ్-1-ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. గ్లూకోజ్ దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే కాపలా మెట్టు ఒకటి ఉంది. కణానికి శక్తి చాలినంత ఉన్నప్పుడు అది దారి మూసేస్తుంది. ఫ్రక్టోజ్ ఆ మెట్టు తర్వాత లోపలికి చేరుతుంది కాబట్టి దాన్ని ఆపేవారు లేరు. అలా వచ్చి పడిన కార్బన్‌ను కాలేయం కొవ్వుగా మార్చి, కొంత తనలోనే దాచుకుని, మిగిలినదాన్ని వి.ఎల్.డి.ఎల్. అనే కొవ్వు మోసే రేణువుల రూపంలో రక్తంలోకి పంపుతుంది. మీరు కొలిచిన ట్రైగ్లిజరైడ్లు అవే.

పరగడుపు గ్లూకోజ్ మామూలుగా ఉండడంలోనూ వింత లేదు. ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించకపోవడం, మొదలైన తొలి దశలో క్లోమం ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేసి గ్లూకోజ్‌ను అదుపులో ఉంచుతుంది, కనుక గ్లూకోజ్ ఒక్కదాన్నే చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. 1987లో స్టాన్‌ఫర్డ్‌లో రీవెన్ అనే వైద్య పరిశోధకుని బృందం స్ప్రేగ్-డాలీ జాతి ఎలుకలకు కేలరీలలో సుమారు మూడింట రెండు వంతులు ఫ్రక్టోజ్ ఉన్న మేతను దాదాపు రెండు వారాలు పెట్టినప్పుడు ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు, రక్తపోటు మూడూ పెరిగాయి. మరుసటి ఏడాదే ఆయన ఇన్సులిన్ నిరోధకత చుట్టూ ఈ మార్పులన్నీ కలిసి రావడాన్ని "సిండ్రోమ్ ఎక్స్" అనే భావనగా ప్రతిపాదించారు. మీరు ఇన్సులిన్ కొలిచారా? సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) మిగిలి ఉంటే ఇప్పుడైనా కొలవండి.

ఇంకొకటి అడగాలి. ఎలుకలు రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు తాగాయి, ఎంత మేత తిన్నాయి?

ఎం.ఫార్మసీ విద్యార్థిని, మద్దిలపాలెం:

ధన్యవాదాలు మాస్టారూ. నా రికార్డు ప్రకారం సగటున ఒక్కో ఎలుక ఫ్రక్టోజ్ గ్రూపులో రోజుకు 50 మిల్లీలీటర్లు, మామూలు నీళ్ళ గ్రూపులో, అంటే కంట్రోల్ గ్రూపులో, 30 మిల్లీలీటర్లు తాగింది. మేత కంట్రోల్ గ్రూపులో 20 గ్రాములు, ఫ్రక్టోజ్ గ్రూపులో 15 గ్రాములు. ఇన్సులిన్ కొలవలేదు, సీరం మైనస్ 80 డిగ్రీలలో ఉంది.

విశ్రాంత జీవరసాయన అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

అయితే మీ బరువుల రహస్యం ఆ అంకెలలోనే ఉంది. గుళికల మేతలో గ్రాముకు 3 కిలోకేలరీలు అనుకుందాం. కంట్రోల్ ఎలుకకు 60 కిలోకేలరీలు అందాయి. ఫ్రక్టోజ్ ఎలుకకు మేత నుంచి 45, నీళ్ళలోని 5 గ్రాముల ఫ్రక్టోజ్ నుంచి 20, వెరసి 65. మొత్తం కేలరీలలో తేడా స్వల్పమే కనుక బరువులో తేడా రాలేదు. కానీ ఆ 65లో దాదాపు 31 శాతం ఫ్రక్టోజే.

దీనితో మరో మార్పు కూడా వచ్చింది, దాన్ని మీరు దాచకూడదు. మేత నాలుగో వంతు తగ్గిందంటే మాంసకృత్తులు, పీచు, ఖనిజాలు కూడా నాలుగో వంతు తగ్గినట్టే. పరీక్షకులు ఎవరైనా "ఇది ఫ్రక్టోజ్ వల్లనా, మాంసకృత్తులు తగ్గడం వల్లనా" అని అడిగితే ఈ రెండు గ్రూపులతో మాత్రమే పూర్తి జవాబు చెప్పలేరు. అంతే గాఢతతో గ్లూకోజ్ నీళ్ళు తాగిన మూడవ గ్రూపు ఉండి ఉంటే ఫ్రక్టోజ్ ప్రత్యేకత ఏమిటో విడిగా తేలేది. పరిమితుల విభాగంలో ఈ మాట మీరే ముందుగా రాయండి.

కంట్రోల్ మేత కూర్పు చూడకుండా పాత వ్యాసాలతో పోల్చవద్దని కూడా చెప్పాలి. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ 1970లలో సూచించిన ఎ.ఐ.ఎన్.-76 మేతలో సగం బరువు పంచదారే. అది తిన్న ఎలుకల కాలేయాలలో కొవ్వు కనబడడం వంటి ఇబ్బందులు బయటపడ్డాక, 1993 నాటి సవరించిన సూత్రంలో పంచదారను 10 శాతానికి తగ్గించి మొక్కజొన్న పిండిపదార్థాన్ని పెంచారు. పంచదార సగం ఉన్న మేతనే కంట్రోల్‌గా పెట్టుకున్న ప్రయోగంలో పంచదార ప్రభావం ఎలా కనబడుతుంది?

యానిమల్ హౌస్ పర్యవేక్షకురాలు, మధురవాడ:

మాస్టారు చెప్పిన లెక్కకు ముందు ఆ 50 మిల్లీలీటర్ల మాట తేల్చుకోవాలి. సీసా మూతి నుంచి కారిన నీళ్ళు కూడా తాగిన లెక్కలోకి వెళ్ళిపోతాయి. ఎలుకలు లేని ఖాళీ బోనుకు ఒక సీసా తగిలించి, రోజుకు ఎంత కారుతుందో చూసి ఆ మేరకు తీసివేయాలి. మన విశాఖ ఉక్కలో తీపి నీళ్ళు త్వరగా పులుస్తాయి, సీసా గొట్టంలో జిగురు పడుతుంది. రోజూ సీసా మార్చకపోతే ఎలుకలు తాగింది ఫ్రక్టోజ్ నీళ్ళో పులిసిన నీళ్ళో చెప్పలేము. వేసవిలో ఏసీ ఆగిన రోజులు ఉంటే గది ఉష్ణోగ్రతల రికార్డును థీసిస్‌కు జతచేయండి. వేడి పెరిగితే ఎలుకలు తిండి తగ్గిస్తాయి, నీళ్ళు ఎక్కువ తాగుతాయి.

పరగడుపు విషయంలో చాలామంది విద్యార్థులు చేసే పొరపాటు నాకు బాధ కలిగిస్తుంది. మేత తీసేస్తారు కానీ ఫ్రక్టోజ్ సీసా అలాగే ఉంచేస్తారు. అది పరగడుపు కాదు. ఎలుకలు తినేది ప్రధానంగా రాత్రిపూట కనుక, రాత్రంతా మేత లేకుండా ఉంచితే వాటికి అది మనకంటే ఎంతో కఠినమైన ఉపవాసం. కాలేయంలో గ్లూకోజ్ నిల్వగా ఉండే గ్లైకోజెన్ చాలావరకు ఖాళీ అయిపోతుంది. ఉదయం మేత తీసి, మామూలు నీళ్ళు పెట్టి, ఐదారు గంటల తర్వాత రక్తం తీయడం మేలు. జంతువుకు అనవసరమైన బాధ తప్పుతుంది, ఫలితమూ నమ్మదగినదిగా ఉంటుంది.

కాలేయాలు ఎలా భద్రపరిచారు? ఫార్మాలిన్‌లో పెట్టి పారఫిన్ దిమ్మెలు చేయిస్తే ఆ ప్రక్రియలో వాడే ద్రావణులకు కొవ్వు కరిగిపోయి ఖాళీ గుంతలే మిగులుతాయి. ఆయిల్ రెడ్ వర్ణకంతో కొవ్వును చూడాలంటే గడ్డకట్టించిన కణజాలం నుంచి కోసిన పొరలే కావాలి.

వైద్యుడు, అనకాపల్లి:

నేను ప్రయోగశాల మనిషిని కాను, కానీ ఈ చర్చ నా రోగులకు సంబంధించినది కనుక రాస్తున్నాను. బెల్లం మార్కెట్టుకు పేరున్న ఊరు మాది. "పంచదార మానేశాను డాక్టరు గారూ, బెల్లమే వాడుతున్నాను" అని ధైర్యంగా చెప్పేవారు వారానికి ఎందరో వస్తారు. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్నా అధికభాగం సుక్రోజే, అంటే సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. కాలేయానికి చేరేసరికి తేడా పెద్దగా ఉండదు.

అయితే ఎలుకల ఫలితాన్ని ఉన్నదున్నట్టు మనిషికి అంటగట్టడం కూడా తప్పే. రెండు వేల కిలోకేలరీలు తినే మనిషి స్టాన్‌ఫర్డ్ ఎలుకల్లా మూడింట రెండు వంతులు ఫ్రక్టోజ్ నుంచే పొందాలంటే రోజుకు 330 గ్రాములు కావాలి. పంచదారగా చూస్తే 660 గ్రాములు. అంత ఎవరూ తినరు. పైగా ఫ్రక్టోజ్ ఎక్కువైనప్పుడు పెరిగే యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే యూరికేజ్ ఎంజైము ఎలుకకు ఉంది, మనకు లేదు. ఆ విషయంలో మన పరిస్థితి ఎలుకకంటే కష్టమైనదే కావచ్చు. మనుషుల మీదా పరీక్షలు ఉన్నాయి. 2009లో కాలిఫోర్నియాలో అధిక బరువున్న వయోజనులు పది వారాలు తమ కేలరీలలో 25 శాతం ఫ్రక్టోజ్ పానీయాల నుంచో గ్లూకోజ్ పానీయాల నుంచో తీసుకున్నారు. రెండు వర్గాల బరువూ ఇంచుమించు ఒకే మేర పెరిగింది, కానీ పొట్ట లోపలి కొవ్వు పెరగడం, ఇన్సులిన్ పనితనం తగ్గడం ఫ్రక్టోజ్ వర్గంలో కనబడ్డాయి. బరువు కంటే కాలేయం, నడుము ముందుగా చెబుతాయన్న మీ ఎలుకల మాటకు ఇది దగ్గరగా ఉంది.

రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అంటే 40 నుంచి 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరకు చెప్పిన, రోజు కేలరీలలో 10 శాతం అనే హద్దు ఆ టీలతోనే దాదాపు నిండిపోతుంది.

ఎం.ఫార్మసీ విద్యార్థిని, మద్దిలపాలెం:

అందరికీ కృతజ్ఞతలు. ఒప్పుకోవలసినది ఒకటి ఉంది. మేడమ్ గారు చెప్పిన పొరపాటే నేనూ చేశాను, రక్తం తీసే ముందు రాత్రి ఫ్రక్టోజ్ సీసాలు తీయలేదు. అందువల్ల నా గ్లూకోజ్ అంకెలను "పరగడుపు" అని పిలవడం సరికాదు, థీసిస్‌లో ఆ మాట మారుస్తాను. ట్రైగ్లిజరైడ్ల అంకెలకూ ఇదే వర్తిస్తుందా మాస్టారూ?

కాలేయంలో ఒక ముక్క ఫార్మాలిన్‌లో ఉంది, ఒక ముక్క సీరంతో పాటే గడ్డకట్టించి ఉంచాము.

విశ్రాంత జీవరసాయన అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

వర్తిస్తుందమ్మా. రాత్రంతా ఫ్రక్టోజ్ తాగిన ఎలుక రక్తంలో అప్పటికప్పుడు తయారైన ట్రైగ్లిజరైడ్లు కూడా కలిసి ఉంటాయి, అందుచేత ఆ అంకె ఒక్కదాని మీద వాదన నిలబెట్టవద్దు. ఇన్సులిన్‌కూ అదే జాగ్రత్త. కాలేయంలో పేరుకున్న కొవ్వు మాత్రం ఒక్క రాత్రి లెక్క కాదు, ఎనిమిది వారాల లెక్క. గడ్డకట్టించిన ముక్క నుంచి క్లోరోఫామ్, మిథనాల్ రెండుకు ఒకటి పాళ్ళలో కలిపి కొవ్వు తీసి, గ్రాము కాలేయానికి ట్రైగ్లిజరైడ్లు ఎంతో కొలవండి. థీసిస్ పేరులో "అధిక పంచదార ఆహారం" తీసేసి "నీటిలో కలిపి ఇచ్చిన 10 శాతం ఫ్రక్టోజ్" అని, "మగ విస్టార్ ఎలుకలలో" అని రాయండి. ఆడ ఎలుకలలో ఫ్రక్టోజ్ ప్రభావం ఇలాగే ఉండదని చూపిన ప్రయోగాలు ఉన్నాయి, కనుక ఆ ఒక్క మాట కూడా వదలవద్దు.