2.3 జీపీఏ కుర్రాడు "క్లియర్" అవ్వాలని మొక్కుకునే ఫ్యాన్స్... ఇది అభిమానమా, సిగ్గుచేటా?

ఫ్రిస్కో_బావ
ఇది అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ గురించి, సాకర్ కాదు, ఆ గుడ్డు బంతి ఆట. ఇంట్రెస్ట్ లేనోళ్ళు తిట్టకుండా స్క్రోల్ చేసేయండి ప్లీజ్.

నేను ఎంఎస్ చేసింది సౌత్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో, పేరొద్దులే. వచ్చిన కొత్తలో రూల్స్ ఏంటో కూడా తెలీదు, రూమ్మేట్ టికెట్ ఇప్పిస్తే వెళ్ళి అందరూ అరుస్తుంటే నేనూ అరిచొచ్చా, అంతే, పదిహేనేళ్ళైనా ఆ పిచ్చి దిగలేదు. మా బ్యాచ్ వాళ్ళం పాతికమందిమి వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నాం. ఈ సమ్మర్ అంతా గ్రూప్‌లో ఒకటే గోల. మావాళ్ళు సైన్ చేయించుకున్న ఒక డిఫెన్సివ్ టాకిల్ (ముందు వరసలో అడ్డుకునే ఆటగాడు), మూడొందల పౌండ్ల పిల్లాడు, ఇంకా ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఎలిజిబిలిటీ క్లియర్ కాలేదు, అంటే ఆడటానికి చదువు అర్హత ఉందని ఇంకా తేల్చలేదు, ఏదో ఇంగ్లీష్ క్రెడిట్ సమ్మర్ స్కూల్లో పూర్తి చెయ్యాలంట. పొద్దున లేస్తే "క్లియర్ అయ్యాడా?", రాత్రి పడుకోబోతూ "క్లియర్ అయ్యాడా?". సొంత పిల్లల రిపోర్ట్ కార్డ్ ఎప్పుడొస్తుందో తెలీని నలభయ్యేళ్ళ మొగాళ్ళు, ఎక్కడో ఊరి పేరు కూడా నోరు తిరగని చోట ఉన్న కుర్రాడి ఇంగ్లీష్ మార్కుల కోసం మొక్కుకుంటున్నారు. జోక్ కాదు, ఒకడు నిజంగానే పిట్స్‌బర్గ్ వెంకన్నకి మొక్కాడు.

ఇదే గ్రూప్, రెండేళ్ళ కింద మా రైవల్ వాళ్ళు ఇలాంటి కుర్రాణ్ణే తీసుకుంటే "సంతకం పెట్టడం వస్తే చాలు సీటిచ్చేస్తారు వీళ్ళు" అని వారం రోజులు మీమ్స్ పెట్టింది. నేనూ పెట్టాను, అబద్ధం ఎందుకు.

తెలీనోళ్ళకి: ఎన్‌సీఏఏ డివిజన్ 1లో (టాప్ లెవెల్) ఫ్రెష్‌మన్‌గా ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, మ్యాథ్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) ఉండాలి, వాటిల్లో 4కి 2.3 జీపీఏ చాలు. సగటున సీ ప్లస్ అన్నమాట. ఎస్ఏటీ (కాలేజీ ఎంట్రన్స్ టెస్ట్) స్కోరు రూల్ కూడా 2023లో పర్మనెంట్‌గా తీసేశారు. మా పెద్దోడు 3.9తో అదే యూనివర్సిటీకి అప్లై చేస్తే వెయిట్‌లిస్ట్. ఇప్పుడు చెప్పండి, నాకు మండడం తప్పా?

ఓరుగల్లు_పోరడు
అన్నా నీ బాధ సమజైంది గానీ లెక్క తప్పు. ఆ టాకిల్ పోరడు మీవోని సీటు గుంజుకోలే. మొన్నటిదాంక టీమ్‌కు స్కాలర్‌షిప్పులు 85, అదీ నాలుగైదు బ్యాచులకు కలిపి. మీ స్టేట్ యూనివర్సిటీల ఒక్క ఏడాదికే వేలమంది ఫ్రెష్‌మెన్ జేర్తరు. మీవోని సీటు కొట్టుకపోయింది మీవోని లెక్కనే 3.9 ఉండి కంప్యూటర్ సైన్స్ కావాలన్న ఇంకో మనోడే, అది మనం ఒప్పుకోం.

ఇంకో ముచ్చట, ఆ పోరడు ఆడుతుంటే జూడనీకి లక్షమంది వస్తరు, టీవీ పైసలు వస్తయి. మీవోడు లినియర్ ఆల్జీబ్రా జేస్తుంటే జూడనీకి నువ్వన్న పోతవా?

మీమ్_మాస్టర్
పోడు. వాడి ఫ్యాంటసీ లీగ్ చూసుకుంటాడు 😂

ఆల్జీబ్రా_అత్త
ఫ్రిస్కో బావ గారూ, నేను డాలస్ పక్కనే పబ్లిక్ హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తాను, పదకొండేళ్ళు. నా క్లాసులో ఫుట్‌బాల్ పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

టెక్సస్‌లో "నో పాస్ నో ప్లే" అని 1984లో చట్టం తెచ్చారు, అప్పట్లో వ్యాపారవేత్త రాస్ పెరో గారు దానికోసం బాగా తిరిగారు. ఏ సబ్జెక్టులో 70 కన్నా తగ్గినా ఆట బంద్, మొదట్లో ఆరు వారాలు, తర్వాత మూడు వారాలకి తగ్గించారు. కోచ్‌లు ఎంత మండిపడ్డారంటే దాన్ని తెచ్చిన గవర్నర్ మార్క్ వైట్ 1986లో ఓడిపోవడానికి అదీ ఒక కారణమని ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. పక్కనే ఆలెన్ హైస్కూల్ స్టేడియం చూశారుగా, 6 కోట్ల డాలర్లు, 18 వేల సీట్లు, హైస్కూల్‌కి! అలాంటి ఊళ్ళో ఒక టీచర్ 68 వేస్తే శుక్రవారం రాత్రి ఎంతమంది నిద్ర పాడవుద్దో ఊహించుకోండి. నాకు డైరెక్ట్‌గా "మార్కులు పెంచు" అని ఎవరూ చెప్పలేదు. కానీ గురువారం మధ్యాహ్నం అసిస్టెంట్ కోచ్ వచ్చి డోర్ దగ్గర నిలబడి "ఎలా ఉన్నాడు మావాడు?" అని నవ్వుతాడు చూడండి, ఆ నవ్వుకి అర్థం నాకూ తెలుసు ఆయనకీ తెలుసు.

తమాషా ఏంటంటే అదే చట్టంలో అడ్వాన్స్‌డ్ కోర్సులకి మినహాయింపు ఉంది, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులో ఫెయిలైనా ఆడొచ్చు. ఆ కిటుకు ముందు కనిపెట్టేది ఫుట్‌బాల్ పేరెంట్స్ కాదండీ, మన డిబేట్, ఆర్కెస్ట్రా పేరెంట్స్.

కానీ నేను చూసింది చెప్తున్నా, గీత ఎక్కడ గీస్తే పిల్లలు అక్కడిదాకా వస్తారు. 2016 నుంచి ఎన్‌సీఏఏ జీపీఏ 2.0ని 2.3 చేసి, సీనియర్ ఇయర్ మొదలయ్యేలోపే పది కోర్ కోర్సులు అయిపోవాలి, అందులో ఏడు ఇంగ్లీష్ మ్యాథ్స్ సైన్స్‌లోనే ఉండాలి అని పెట్టారు. అవి ఒకసారి లాక్ అయితే తర్వాత మళ్ళీ రాసి పెంచుకుందామన్నా కుదరదు. అంతకుముందు సీనియర్ ఇయర్లో నిద్రలేచి సమ్మర్‌లో మూడు కోర్సులు గబగబా లాగించేసేవాళ్ళు. ఇప్పుడు తొమ్మిదో క్లాసు పిల్లాడే వచ్చి "మిస్, ఇది కోర్‌లోకి వస్తుందా" అని అడుగుతున్నాడు. అది నాకు ఇష్టం.

అట్లాంటా_సత్తి
ఎస్ఏటీ తీసేశారని ఏడుస్తున్నవాళ్ళు కొంచెం వెనక్కెళ్ళాలి. ప్రపోజిషన్ 48 అని ఎన్‌సీఏఏ రూల్ 1986లో అమల్లోకొచ్చింది, 11 కోర్ కోర్సుల్లో 2.0, ఎస్ఏటీలో 700. దెబ్బ ఎక్కువగా ఎవరికి పడింది? నల్లజాతి పిల్లలకి, లైబ్రరీ కూడా సరిగ్గా లేని స్కూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి. 1989లో దాన్నింకా బిగించి స్కాలర్‌షిప్ కూడా ఇవ్వొద్దని ప్రపోజిషన్ 42 తెస్తే జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ బాస్టన్ కాలేజ్‌తో మ్యాచ్ మొదలయ్యే టైమ్‌కి టవల్ భుజానేసుకుని కోర్ట్ వదిలి వెళ్ళిపోయాడు. ఆ దెబ్బకి వెనక్కి తగ్గారు.

అలాగని వదిలేస్తే ఏమవుద్దో కూడా మా జార్జియాలోనే చూశాం. జాన్ కెంప్ అని యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో రెమెడియల్ ఇంగ్లీష్ చెప్పే ఆవిడ, తొమ్మిదిమంది ఫుట్‌బాల్ ప్లేయర్స్ ఫెయిలైనా పాస్ చేసి షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ ఆడించారని నోరెత్తింది, ఉద్యోగం పీకేశారు. కేసేసింది. 1986లో జ్యూరీ 25 లక్షల డాలర్ల పైన ఇవ్వమంది, తర్వాత తగ్గించారనుకో, ఆవిడ ఉద్యోగం మాత్రం ఆవిడకొచ్చింది, ప్రెసిడెంట్ కుర్చీ పోయింది. మరి ఫ్యాన్స్ ఎవరి పక్కన ఉన్నారంటారు? ఆ రోజుల్లో ఇక్కడున్న పాత కొలీగ్ ఒకాయన చెప్పేవాడు, ఆఫీసులో ఆవిడ పేరెత్తితే లంచ్ టేబుల్ ఖాళీ అయ్యేదని.

కాకినాడ_కాజా
నేను కేరీ, నార్త్ కరోలినాలో ఉంటానండి. ఇక్కడ మనోళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, సగం మంది కార్ల మీద లేత నీలం స్టిక్కరే. ఆయ్, ఆ యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) సంగతే చెబుతా.

ఆఫ్రికన్ స్టడీస్ డిపార్ట్‌మెంట్‌లో క్లాసే జరగని క్లాసులు నడిపారండి. ఒక పేపర్ రాసిచ్చేస్తే ఏ నో బీ నో. 2014లో వైన్‌స్టీన్ దర్యాప్తు రిపోర్ట్ వచ్చింది, 18 ఏళ్ళు, 3,100 మంది పైన స్టూడెంట్స్, అందులో దగ్గర దగ్గర సగం మంది ఆటగాళ్ళు. ఆ క్లాసులు ఆగిపోతున్నప్పుడు ఫుట్‌బాల్ కోచ్‌లకి కౌన్సెలర్లు ఒక స్లైడ్ చూపించారండి, ఇన్నాళ్ళూ మన కుర్రాళ్ళు క్లాసుకెళ్ళక్కర్లేదు, నోట్స్ రాయక్కర్లేదు, మెలకువగా ఉండక్కర్లేదు అని, ఇక అవి ఉండవు అని! స్లైడ్ వేసి మరీనండి! చివరికి 2017లో ఎన్‌సీఏఏ ఏం తేల్చిందంటే ఆ క్లాసులు మామూలు స్టూడెంట్స్‌కి కూడా ఉన్నాయి కాబట్టి మా రూల్ కిందికి రాదు అని చేతులు దులిపేసుకుంది.

నేను వేరే స్టేట్‌లో, వేరే యూనివర్సిటీలో టీఏ (టీచింగ్ అసిస్టెంట్) చేసినప్పుడు నా సెక్షన్లో ఒక లైన్‌బ్యాకర్, అంటే ఫుట్‌బాల్ డిఫెన్స్ ఆటగాడు, ఉండేవాడండి. మంచోడు. పొద్దున అయిదుకి వెయిట్స్, మధ్యాహ్నం ప్రాక్టీస్, సాయంత్రం పాత మ్యాచ్‌ల ఫిల్మ్, ఇహ నా స్టాటిస్టిక్స్ ల్యాబ్‌కి వచ్చేసరికి కళ్ళు మూసుకుపోయేవి. హోమ్‌వర్క్ ఒకసారి అద్భుతంగా వచ్చిందండి, క్విజ్‌లో మాత్రం మీన్ అంటే మీడియన్ రాశాడు. ట్యూటర్ చేసిచ్చాడని తెలుస్తూనే ఉంది. ప్రొఫెసర్‌కి చెబితే ఆయన కాఫీ కప్పు కింద పెట్టకుండానే "నీకు ఫండింగ్ కావాలా, గొడవ కావాలా" అన్నాడు. ఎఫ్ 1 స్టూడెంట్ వీసా మీదున్నోణ్ణి, నాకు ఫండింగే కావాలి. సీ వేశానండి. సెమిస్టర్ అయ్యాక వాడొచ్చి థ్యాంక్స్ చెప్పి "నాకు నిజంగా అర్థం కాలేదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు" అన్నాడు. నేను టీఏనండీ, కూర్చోబెట్టి చెప్పాల్సింది నేనే. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఓరుగల్లు_పోరడు
కాజా అన్నా, గదే నేననేది. ఈ చదువు నాటకం ఎందుకు? ఎన్ఎఫ్ఎల్‌ల, అంటే ప్రొఫెషనల్ లీగ్‌ల, ఆడాల్నంటే హైస్కూల్ అయినంక మూడేండ్లు ఆగాలె, అది రూలు. ఆ మూడేండ్లు పోరడు యాడికి పోవాలె? కాలేజీకే పోవాలె. కోరికతోని పోతలేడు, వేరే తొవ్వ లేక పోతుండు. కార్డేల్ జోన్స్ ఒహాయో స్టేట్‌ల ఉన్నప్పుడు 2012ల అదే ట్వీట్ జేసిండు, ఫుట్‌బాల్ ఆడనీకి వచ్చినం గానీ స్కూల్ ఆడనీకి రాలే అని. అందరు నవ్విండ్రు. నిజం జెప్పినందుకు నవ్విండ్రు.

2021 నుంచి ఎన్ఐఎల్ పైసలు (ప్లేయర్ పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చేవి), ఇప్పుడు హౌస్ అనే కోర్టు కేసు సెటిల్‌మెంట్ అయినంక స్కూలే ఏడాదికి రెండు కోట్ల డాలర్లకు పైనే ప్లేయర్లకు పంచొచ్చు. ఇగ ఉద్యోగమే కదా? ఉద్యోగికి ఆల్జీబ్రా టూ ఎందుకు?

ఫ్రిస్కో_బావ
కార్డేల్ జోన్స్ కథ సగమే చెప్పావు తమ్ముడూ. ఆయన ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళాక కూడా వెనక్కొచ్చి 2017లో డిగ్రీ పూర్తి చేశాడు, ఆ పాత ట్వీట్ మీద తనే జోకేసుకున్నాడు. వందలో ఇద్దరు కూడా ఎన్ఎఫ్ఎల్ దాకా పోరు. మిగిలిన తొంభై ఎనిమిది మంది మోకాలి సర్జరీ బిల్లు పట్టుకుని ఏం చెయ్యాలి?

అట్లాంటా_సత్తి
డెక్స్టర్ మాన్లీ పేరు ఎంతమందికి తెలుసు? ఒక్లహోమా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడాడు, తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో వాషింగ్టన్‌కి ఆడి సూపర్ బౌల్స్ (ఆ లీగ్ ఫైనల్స్) గెలిచాడు. 1989లో సెనేట్ కమిటీ ముందు కూర్చుని తనకి చదవడం రాదని చెప్తూ ఏడ్చాడు. అంటే హైస్కూల్ దాటించారు, యూనివర్సిటీలో నాలుగేళ్ళు ఎలిజిబుల్‌గా ఉంచారు, ఎవరూ ఒక పేజీ చదివించి చూడలేదు. పెద్దయ్యాక తనే నేర్చుకున్నాడు పాపం. ఓరుగల్లు తమ్ముడూ, నువ్వన్నట్టు నాటకం ఆపేస్తే మాన్లీలు తగ్గరు, ఎక్కువవుతారు.

మీమ్_మాస్టర్
మన ఇంటర్ కాలేజీలో రోల్ ఒక చోట, క్లాస్ ఇంకో చోట, ల్యాబ్ రికార్డ్ అక్క రాసిందే, అటెండెన్స్ తక్కువైతే కండోనేషన్ ఫీజు. మనం అమెరికన్ ఫుట్‌బాల్‌కి నీతులు చెప్పడం చూస్తుంటే నాకు పాప్‌కార్న్ కావాలి

ఆల్జీబ్రా_అత్త
అది మాత్రం నిజం 😄 నా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ గురించి నేను మాట్లాడను.

ఓరుగల్లు గారూ, మీ మాటలో న్యాయం లేదనను. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లాడికి ఆ 2.3 ఒక్కటే భయం. అది తీసేస్తే నా క్లాసుకి వాడు రావడానికి కారణమే ఉండదు. ఇంకోటి, ఆటగాళ్ళకి చదువు రాదన్న మీ అందరి ఊహ ఉంది చూశారా, నా క్లాసులో అది రోజూ తప్పని తేలుతుంది. జాషువా డాబ్స్ టెనసీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతూ ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చేశాడు. మైరన్ రోల్ ఫ్లోరిడా స్టేట్‌లో సేఫ్టీ (డిఫెన్స్ ప్లేయర్), ఆక్స్‌ఫర్డ్‌కి పంపే రోడ్స్ స్కాలర్, ఇప్పుడు న్యూరోసర్జన్. ఆట ఎత్తులన్నీ ఉండే ప్లేబుక్ అంత పుస్తకం గుర్తుపెట్టుకునే పిల్లాడికి క్వాడ్రాటిక్ ఫార్ములా రాదంటే తప్పు వాడి బుర్రది కాదు.

ఓరుగల్లు_పోరడు
రోల్ లెక్క ఎంతమంది ఉంటరు అక్కా. ఆయనను చూపెట్టి మిగిలినోళ్ళను ఎన్నడు అడుగరు ఈ యూనివర్సిటీలు. అయినా ఒకటి ఒప్పుకుంట, చదవనీకి రానోన్ని నాలుగేండ్లు ఉంచుకునుడు దొంగతనమే. చదివిస్తే సక్కగ చదివియ్యాలె, లేకుంటే జీతమిచ్చి పంపాలె. ఇప్పుడు రెండూ అర్ధంతరమే.

కాకినాడ_కాజా
ఫ్యాన్స్ మాటకొస్తే, స్టాన్‌ఫర్డ్, వాండర్‌బిల్ట్ వాళ్ళని చూడండి, ఓడిపోయినప్పుడల్లా "మా పిల్లలు చదువుకుంటారు" అంటారు. గెలిచిన వారం ఆ మాట ఒక్కడి నోటా రాదండి.

ఫ్రిస్కో_బావ
హహ అది కరెక్ట్.

సరే నా కోపం కొంచెం దిగింది, వెయిట్‌లిస్ట్ సంగతి కూడా ఓరుగల్లు తమ్ముడు చెప్పిందే నిజమేమో. మీమ్స్ పెట్టినందుకు మాత్రం సిగ్గేస్తోంది. ఆ రైవల్ కుర్రాడు క్లియర్ కాక మిసిసిపీలో జూనియర్ కాలేజీకి (రెండేళ్ళ కాలేజీ, మన ఇంటర్ కాదు) వెళ్ళాడు, మేం దానికి కూడా నవ్వాం.

అత్త గారూ, సంబంధం లేని డౌట్ ఒకటి. మా చిన్నది తొమ్మిదో క్లాస్, క్లబ్ సాకర్ ఆడుద్ది, కోచ్ డివిజన్ 1 అంటున్నాడు. సమ్మర్‌లో ఆన్‌లైన్ జామెట్రీ ఆరు వారాల్లో అయిపోద్దంట, చేయిద్దామనుకుంటున్నాం. ఇది ఆ 16లో లెక్కకొస్తుందా?

ఆల్జీబ్రా_అత్త
కట్టే ముందు ఆగండి. ప్రతి హైస్కూల్‌కి ఏ కోర్సులు ఒప్పుకుంటారో ఎన్‌సీఏఏ వెబ్‌సైట్‌లో లిస్ట్ ఉంటుంది, ఆ ఆన్‌లైన్ ప్రోగ్రామ్ పేరుతో వెతకండి. టీచర్‌తో రెగ్యులర్‌గా ఇంటరాక్షన్ ఉండాలి, ఇంత టైమ్‌లో చేయాలని నిర్ణీత కాలం ఉండాలి. వీడియోలు చూసి క్లిక్ కొట్టేసేదైతే డబ్బు దండగ. పాపకి జీపీఏ ఎంత?

ఫ్రిస్కో_బావ
అది... మాట్లాడుకుందాం లెండి, మెసేజ్ చేస్తా.

మీమ్_మాస్టర్
😂😂 ఇంతకీ టాకిల్ క్లియర్ అయ్యాడా?

ఫ్రిస్కో_బావ
ఇంకా లేదు. శుక్రవారం గ్రేడ్ వేస్తారంట.