మధ్యలో ఉన్న లినక్స్ పీసీ ద్వారా ప్రింటర్‌కి ఎస్‌ఎన్‌ఎంపీ రిక్వెస్టులు పంపడం: ఎవరైనా చేశారా?

తెనాలి కుర్రాడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాకు విజయవాడలో ఆఫీసు, తెనాలిలో ఒక చిన్న ల్యాబ్ ఉన్నాయి. రక్తపరీక్షల రిపోర్టులు తీసే లేజర్ ప్రింటర్లు రెండూ తెనాలిలోనే. టోనర్ అయిపోయిందన్న సంగతి కౌంటర్ ముందు జనం నిలబడ్డాకే మాకు తెలుస్తోంది. పోయిన వారం ఒక పెద్దావిడ రిపోర్టు కోసం గంటన్నర కూర్చున్నారు. ఆవిడ ఇంజెక్షన్ వేయించుకోవడానికి ఆ కాగితం కావాలి. ఇక అలా జరగకూడదని, టోనర్ ఎంత ఉందో విజయవాడ నుంచే చూసే ఏర్పాటు మొదలుపెట్టాను.

ప్రింటర్ల అడ్రస్‌లు 192.168.50.21, 192.168.50.22. ఆ నెట్‌వర్క్‌లో ల్యాబ్ యంత్రాలు కూడా ఉన్నాయి కాబట్టి దాన్ని విడిగానే ఉంచాలన్నది మా డాక్టరుగారి మాట. మధ్యలో రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఉబుంటు పీసీ ఉంది. లోపలి వైపు దాని అడ్రస్ 192.168.50.5, బయటి వైపు 10.20.0.7. బయటి అడ్రస్‌కి విజయవాడ నుంచి వీపీఎన్ ఉంది.

ఆ పీసీ మీద నుంచి ఎస్‌ఎన్‌ఎంపీవాక్ (పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీద అడిగే ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతిలో వివరాలన్నీ వరసగా అడిగే కమాండ్) కొడితే ప్రింటర్ అన్నీ చెబుతోంది. విజయవాడ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే దారి) టన్నెల్ వేసి 161 పోర్టు మళ్లిస్తే మాత్రం టైమౌట్. విచిత్రం ఏమిటంటే అదే టన్నెల్‌లో 9100 పోర్టు పనిచేస్తోంది, టెస్ట్ పేజీ కూడా వచ్చింది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎక్కడ పొరబడ్డాను?

పాత సర్వర్ | సోమవారం, రాత్రి 10:15

ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్ టీసీపీని మాత్రమే మోస్తుంది తమ్ముడూ. టీసీపీ అంటే ముందు కనెక్షన్ కట్టుకుని పంపేది, యూడీపీ అంటే కనెక్షన్ లేకుండా విడివిడి ప్యాకెట్లుగా పంపేది. ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నలు వెళ్లేది యూడీపీ 161 మీద. ప్రింట్ జాబ్ వెళ్లే 9100 టీసీపీ, అందుకే అది పోయింది, ఇది పోలేదు. మధ్య పీసీ విండోస్ అయినా ఇదే గొడవ. దాని నెట్‌వర్క్ కమాండ్ నెట్‌ష్‌లో ఉండే పోర్ట్‌ప్రాక్సీ కూడా టీసీపీకే. అది తెలియక నేను ఒక శని, ఆదివారం పూర్తిగా పోగొట్టుకున్నాను.

అయినా నీకు వీపీఎన్ ఉండగా ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు? వీపీఎన్‌లో యూడీపీ వెళ్తుంది. 10.20.0.7 దాకా వచ్చిన ప్యాకెట్‌ని అక్కడి నుంచి ప్రింటర్‌కి తిప్పితే చాలు. లినక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో, అడ్రస్‌లు మార్చే నాట్ పట్టికలో ప్రీరౌటింగ్ దగ్గర, యూడీపీ 161కి వచ్చినదాన్ని 192.168.50.21కి పంపమని డీనాట్ (గమ్యం అడ్రస్ మార్చే) రూల్ రాయి. కెర్నల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ విలువ 1 చెయ్యి. ఫార్వర్డ్ చెయిన్‌లో అనుమతి ఇవ్వడం మర్చిపోకు.

ఉప్పాడ అల | సోమవారం, రాత్రి 11:02

వీపీఎన్ లేనివాళ్ల కోసం నా అనుభవం చెబుతాను. నాకు ఎస్‌ఎస్‌హెచ్ తప్ప వేరే దారి లేదు. అందుకని రెండు చివర్లా సోక్యాట్ (ఒక రకం కనెక్షన్‌ని ఇంకో రకానికి కలిపే ప్రోగ్రాం) పెట్టాను. ఇవతల యూడీపీని టీసీపీగా మార్చడం, టన్నెల్ దాటించడం, అవతల మళ్లీ యూడీపీ చేసి ప్రింటర్‌కి ఇవ్వడం. మూడు నెలలు నడిపాను.

రెండు ఇబ్బందులు వచ్చాయి. యూడీపీలో కనెక్షన్ ముగిసిందని చెప్పే సంకేతం ఉండదు కాబట్టి ఫోర్క్ పెట్టిన సోక్యాట్ ప్రతి కొత్త ప్రశ్నకీ ఒక ప్రాసెస్ పుట్టించి అలాగే వదిలేసేది. వారానికి వందలు పేరుకున్నాయి. క్యాపిటల్ టీ ఆప్షన్‌తో టైమౌట్ ఇచ్చాక తగ్గింది. రెండోది, టీసీపీ అంటే ఒక ధార, అందులో ఒక జవాబు ఎక్కడ ముగిసిందో తెలిపే గీత ఉండదు. గెట్‌బల్క్‌తో (ఒకే ప్రశ్నలో చాలా విలువలు అడిగే పద్ధతి) పెద్ద జవాబులు అడిగినప్పుడు అవి మధ్యలో విరిగి రెండు యూడీపీ ముక్కలుగా బయటికొచ్చేవి. మ్యాక్స్ రిపిటీషన్స్ (ఒకసారి అడిగే వరసల సంఖ్య) తగ్గించి, కావాల్సిన నాలుగు ఓఐడీలే (ఒక్కో విలువకి ఉండే నంబరు అడ్రస్) గెట్‌తో అడగడం మొదలుపెట్టాక కుదుటపడింది.

ఇప్పుడు అదంతా తీసేసి వైర్‌గార్డ్ వీపీఎన్ వేసుకున్నాను. వీలున్నవాళ్లు మొదటి రోజే అది చేయండి.

తెనాలి కుర్రాడు | మంగళవారం, ఉదయం 7:20

పాత సర్వర్ అన్నా, చెప్పినట్టే చేశాను. ఇంకా టైమౌటే. కానీ కొంచెం ముందుకొచ్చాను. ఉబుంటు పీసీ లోపలి కార్డు మీద టీసీపీడంప్ (వచ్చే, వెళ్లే ప్యాకెట్లు చూపే కమాండ్) పెట్టి చూస్తే ప్రశ్న ప్రింటర్ వైపు వెళ్లడం కనిపిస్తోంది. జవాబే రావడం లేదు. అదే పీసీ మీద నుంచి అడిగితే మాత్రం వెంటనే చెబుతోంది.

మూసీ ఒడ్డు | మంగళవారం, ఉదయం 8:05

టీసీపీడంప్ పెట్టి మంచి పని చేశారు, సగం సమస్య అక్కడే విడిపోయింది. ఆ ప్యాకెట్‌లో పంపినవారి అడ్రస్ ఏముందో ఒకసారి చూడండి. విజయవాడ సర్వర్ అడ్రసే ఉంటుంది. డీనాట్ మార్చేది ఎవరికి అన్నదాన్ని మాత్రమే, ఎవరి నుంచి అన్నది అలాగే ఉంటుంది.

ఇప్పుడు ప్రింటర్ వైపు నుంచి ఆలోచించండి. ఉత్తరం అందింది, పంపినవాళ్లది వేరే ఊరు. జవాబు రాసింది, కానీ ఆ ఊరికి వెళ్లే దారి దానికి తెలియదు. ప్రింటర్ వెబ్ పేజీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి గేట్‌వే చూడండి. ఖాళీగానో, 0.0.0.0 అనో ఉంటుందని నా నమ్మకం. విడి నెట్‌వర్క్‌లో పెట్టిన ప్రింటర్లకి గేట్‌వే ఇవ్వాలని ఎవరికీ గుర్తుండదు.

రెండు మార్గాలున్నాయి. గేట్‌వేగా 192.168.50.5 ఇవ్వొచ్చు. లేదా ఉబుంటు పీసీలోనే పోస్ట్‌రౌటింగ్ దగ్గర మాస్కరేడ్ రూల్ వేయొచ్చు. అప్పుడు ప్రింటర్‌కి ఆ ప్రశ్న పక్కింటి 50.5 నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది, జవాబు దానికే ఇస్తుంది, అది విజయవాడకి తిప్పి పంపుతుంది. నేనైతే రెండోదే చేస్తాను. ప్రింటర్‌కి గేట్‌వే ఇస్తే అది బయటికి మాట్లాడటం కూడా మొదలుపెట్టొచ్చు, మీ డాక్టరుగారు వద్దన్నది అదే కదా. పైగా కొన్ని ప్రింటర్లలో ఫలానా అడ్రస్‌లకే జవాబివ్వమనే జాబితా ఉంటుంది. మాస్కరేడ్ చేస్తే అందులో 50.5 ఒక్కటి ఉంటే సరిపోతుంది.

ఇంకో మాట. రూల్ మార్చాక కూడా పాత తీరే కనిపిస్తే కంగారు పడకండి. నాట్ రూల్‌ని కెర్నల్ ఒక ప్రవాహంలో మొదటి ప్యాకెట్‌కే చూసి, దాన్ని ఒక ఎంట్రీగా గుర్తుపెట్టుకుంటుంది. మానిటరింగ్ సర్వర్ ఒకే సోర్స్ పోర్టు నుంచి పది సెకన్లకోసారి అడుగుతూ ఉంటే పాత ఎంట్రీ చావదు, ఎందుకంటే జవాబు రాని యూడీపీకి మామూలు గడువు 30 సెకన్లు, ప్రతి ప్యాకెట్ దాన్ని మళ్లీ మొదటికి తెస్తుంది. కాన్‌ట్రాక్ కమాండ్‌తో ఆ ఎంట్రీ తీసేయండి, లేదా అర నిమిషం పోలింగ్ ఆపండి.

తెనాలి కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, గేట్‌వే 0.0.0.0 అనే ఉంది! మాస్కరేడ్ వేసిన వెంటనే జవాబు వచ్చింది. విజయవాడలో కూర్చుని తెనాలి ప్రింటర్ పేరు స్క్రీన్ మీద చూడటం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ కొత్త చిక్కులు రెండు. ఉబుంటు పీసీని కూడా మేం 161 మీదే చూస్తుంటాం. ఇప్పుడు దాని పేరు కింద ప్రింటర్ వివరాలు వస్తున్నాయి. రెండోది, 50.21లో టోనర్ లెవెల్ 34, గరిష్ఠం 100 అని స్పష్టంగా ఉంది. 50.22లో లెవెల్ -3 వస్తోంది. ప్రింటర్ పాడైందా?

పాత సర్వర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మొదటిది నా పొరపాటే, ముందే చెప్పాల్సింది. ప్రీరౌటింగ్‌లో తిప్పేస్తే పీసీలో ఉన్న ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీసు దాకా ఆ ప్యాకెట్ రాదు. 161ని పీసీకే వదిలెయ్యి. 16121కి వస్తే 50.21 ప్రింటర్ 161కి, 16122కి వస్తే 50.22 ప్రింటర్ 161కి పంపు. అడ్రస్ చివరి అంకెలే పోర్టులో ఉంటే ఆరు నెలల తర్వాత చూసినా అర్థమవుతుంది.

మూసీ ఒడ్డు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

-3 అంటే పాడవడం కాదు. ప్రింటర్ ఎంఐబీ (ప్రింటర్ చెప్పే విలువల ప్రామాణిక జాబితా), అంటే 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3805 ప్రకారం, ఇంకా కొంత ఉంది, ఎంతో చెప్పలేను అని దానర్థం. -2 వస్తే అసలు తెలియదని. మీరు చూస్తున్న లెవెల్ 1.3.6.1.2.1.43.11.1.1.9 కింద, గరిష్ఠం .8 కింద ఉంటాయి. లెవెల్ ఎప్పుడూ శాతమే అనుకోకండి, కొన్ని ప్రింటర్లు పేజీల్లో చెబుతాయి. గరిష్ఠంతో భాగించాకే శాతం.

-3 చెప్పే ప్రింటర్‌కి వేరే చోట చూడాలి. హోస్ట్ రిసోర్సెస్ ఎంఐబీలో 1.3.6.1.2.1.25.3.5.1.2.1 అడిగితే ప్రింటర్ కనిపెట్టిన లోపాలు బిట్లుగా వస్తాయి. మొదటి బైట్‌లో హెక్స్ 80 అంటే కాగితం తక్కువ, 40 కాగితం లేదు, 20 టోనర్ తక్కువ, 10 టోనర్ లేదు. రెండు కలిసి వస్తే కూడుతుంది. 20 బిట్ వెలిగిన రోజే అలర్ట్ పెట్టుకోండి, 10 దాకా ఆగితే ఆ పెద్దావిడ లాంటివాళ్లు మళ్లీ కూర్చోవాల్సి వస్తుంది. దాంతోపాటు మొత్తం పేజీల లెక్క 1.3.6.1.2.1.43.10.2.1.4.1.1 కూడా రోజూ రాసిపెట్టండి. ఒక కార్ట్రిడ్జ్ మీ దగ్గర నిజంగా ఎన్ని పేజీలు ఇస్తోందో రెండు మార్పిళ్లలో తెలిసిపోతుంది.

ఎడిసన్ నుంచి | మంగళవారం, రాత్రి 8:50

న్యూజెర్సీలో ఒక గోడౌన్‌కి సపోర్ట్ చేస్తాను. మీది టోనర్ చూడటం కోసం, నాది ప్రింటింగ్‌కే వచ్చిన బాధ. మధ్య లినక్స్ పెట్టి 9100 మాత్రమే ఫార్వర్డ్ చేశాను. ప్రింటర్ బాగానే ఉన్నా విండోస్‌లో ఆఫ్‌లైన్ అని చూపించేది, జాబ్‌లు క్యూలో ఆగిపోయేవి. కారణం స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు సెట్టింగ్స్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అనే టిక్. అది ఉంటే విండోస్ యూడీపీ 161 మీద అడుగుతుంది, జవాబు లేకపోతే ప్రింటర్ లేదనుకుంటుంది. టిక్ తీసేస్తే సమస్య పోయింది.

మాకు స్టేటస్ కూడా కావాలి కాబట్టి తర్వాత 161 ఫార్వర్డ్ చేశాను. ఆ సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ పేరు (ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్ లాంటిది), డివైస్ ఇండెక్స్ మార్చొచ్చు కానీ పోర్టు నంబరు మార్చే చోటు లేదు. 16121 లాంటి పోర్టు విండోస్‌కి పనికిరాదు. నేను లినక్స్ కార్డుకి ప్రింటర్‌కొకటి చొప్పున అదనపు అడ్రస్‌లు ఇచ్చి, ఒక్కో అడ్రస్ 161ని ఒక్కో ప్రింటర్‌కి తిప్పాను.

కొండపల్లి బొమ్మ | బుధవారం, ఉదయం 10:20

అందరూ ప్యాకెట్లు తిప్పడం గురించే మాట్లాడుతున్నారు. నా అభిప్రాయం వేరు. ప్రింటర్ పక్కనే ఒక కంప్యూటర్ ఉన్నప్పుడు అడిగే పని దానికే అప్పజెప్పాలి, ఫలితం మాత్రమే దూరం పంపాలి. మేం జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాక్సీ పెట్టాం. అది స్థానికంగా ప్రింటర్లని అడిగి, లింక్ పోతే డేటా దాచుకుని, వచ్చాక పంపుతుంది. ప్రొమీథియస్ అనే ఇంకో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఎస్‌ఎన్‌ఎంపీ ఎక్స్‌పోర్టర్ ఉంది. అది టీసీపీ 9116 మీద మాట్లాడుతుంది, కాబట్టి మొదట మీరు వేసిన ఎస్‌ఎస్‌హెచ్ టన్నెలే దానికి సరిపోతుంది.

అంత బరువు వద్దనుకుంటే ఉబుంటు పీసీలో ఉన్న నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీసులోనే ప్రాక్సీ అనే డైరెక్టివ్ ఉంది. ఫలానా ఓఐడీ కింద ఏది అడిగినా ఫలానా ప్రింటర్‌ని అడిగి చెప్పు అని ఒక్క లైను. రెండు ప్రింటర్లకి ఒకే ఓఐడీ కాబట్టి ఒక్కోదానికి ఒక కాంటెక్స్ట్ పేరు ఇచ్చి, వేర్వేరు కమ్యూనిటీలతో జోడించాలి. దీనిలో నాకు నచ్చింది, బయటి వైపు ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్‌తో అడగొచ్చు, లోపల పాత ప్రింటర్‌తో వెర్షన్ 1లో మాట్లాడుకోవచ్చు.

మంజీర | బుధవారం, మధ్యాహ్నం 12:40

నాది సిద్దిపేటలో జిరాక్స్ షాపు. ప్రింటర్ యూఎస్‌బీతో పీసీకి పెట్టి ఉంది. ఆ పీసీ ద్వారా ఇలా అడగొచ్చా?

కొండపల్లి బొమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:15

తిప్పి పంపడానికి అవతల నెట్‌వర్క్ అడ్రసే లేదండీ. యూఎస్‌బీ అయితే పీసీనే ప్రింటర్ తరఫున జవాబు చెప్పాలి. లినక్స్ అయితే ప్రింటింగ్ చూసుకునే కప్స్ కొన్ని ప్రింటర్లకి మార్కర్ లెవెల్స్ (టోనర్ ఎంత ఉందో) ఇస్తుంది, ఆ అంకెని నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ఎక్స్‌టెండ్‌తో బయటికి చూపించొచ్చు. ప్రింటర్‌కి నెట్‌వర్క్ పోర్టు ఉంటే ఒక కేబుల్ వేసుకోవడమే సులువు.

పాత సర్వర్ | బుధవారం, రాత్రి 9:30

తమ్ముడూ, పనైంది కదా అని వదిలేయకు. వెర్షన్ 1, 2సీల్లో కమ్యూనిటీ పేరు ప్యాకెట్‌లో ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. వీపీఎన్ లోపల ఫరవాలేదు. డీనాట్ రూల్‌లో పంపేవారి అడ్రస్ మీ మానిటరింగ్ సర్వర్ ఒక్కటే అని తప్పకుండా రాయి. ప్రింటర్‌లో రాసే అనుమతి ఉన్న కమ్యూనిటీ ఆపెయ్యి, చదివేది పబ్లిక్ నుంచి మార్చు. పబ్లిక్ ఐపీ మీద 161 ఎప్పుడూ తెరవొద్దు. చిన్న గెట్‌బల్క్ ప్రశ్నకి పెద్ద జవాబు వస్తుంది కాబట్టి దొంగ అడ్రస్‌తో అడిగి ఆ వరదని వేరేవాళ్ల మీదికి మళ్లిస్తారు.

తెనాలి కుర్రాడు | శనివారం, సాయంత్రం 6:10

అందరికీ ఒక అప్‌డేట్. గురువారం తెనాలిలో కరెంటు పోయి ఉబుంటు పీసీ రీస్టార్ట్ అయింది, రూల్స్ అన్నీ ఎగిరిపోయాయి. నెట్‌ఫిల్టర్ పర్సిస్టెంట్ వేసి సేవ్ చేశాను. ఐపీ ఫార్వర్డింగ్ విలువ కూడా సిస్‌కంట్రోల్ ఫైల్‌లో రాశాను, లేకపోతే అది కూడా 0కి పోతుంది. ఆ తర్వాత నేనే కావాలని రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను, నిలబడింది. పాత సర్వర్ అన్న చెప్పినట్టు సోర్స్ అడ్రస్ కట్టేశాను, కమ్యూనిటీ మార్చాను. వచ్చే నెల కొండపల్లి బొమ్మ గారు చెప్పిన వెర్షన్ 3 ప్రాక్సీకి మారతాను.

ఈ రోజు ఉదయం 8:20కి 50.22 నుంచి 20 బిట్ వచ్చింది. కౌంటర్ అమ్మాయికి ఫోన్ చేస్తే ప్రింట్ ఇంకా నల్లగానే వస్తోందంది. కొత్త టోనర్ మా కుర్రాడికిచ్చి 9 గంటల బస్సుకి పంపించాను. మధ్యాహ్నం భోజనాల వేళ మార్చేశారు.