నీలగిరి ఆవిరి బండి: బొగ్గుతో నడిస్తేనే అసలుదా? నూనెతో నడిచినా అదేనా?

పళ్లపట్టా:
చర్చకు పెడుతున్న ప్రశ్న ఒక్కటే. నీలగిరి కొండ రైలులో X తరగతి ఆవిరి ఇంజను బొగ్గుతోనే నడవాలా, నూనెతో (ఫర్నేస్ ఆయిల్, డీజిల్ లాంటి ఇంధనంతో) నడిచినా సరేనా?

కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. మెట్టుపాళయం నుంచి ఉదకమండలం (ఊటీ) దాకా 46 కిలోమీటర్ల మీటర్‌గేజ్ లైను ఇది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో తెరిచారు. కల్లార్ దాటగానే పట్టాల మధ్య రెండు వరసల పళ్ల పట్టా మొదలవుతుంది. ఇంజను కింది పళ్ల చక్రాలు దాన్ని పట్టుకుని కూనూరు దాకా ఎక్కుతాయి. 12 మీటర్లకు 1 మీటరు ఎత్తు. ఇంజను ఎప్పుడూ దిగువ వైపే ఉంటుంది కాబట్టి ఎక్కేటప్పుడు పెట్టెల్ని వెనకనుంచి నెడుతుంది.

X ఇంజన్లు స్విట్జర్లాండ్ వింటర్‌థూర్‌లోని ఎస్‌ఎల్‌ఎం కంపెనీ తయారీ. 2002లో తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపు మొదటిదాన్ని నూనెకు మార్చింది. 2011–2014 మధ్య అక్కడే కొత్తగా కట్టిన నాలుగు ఇంజన్లు (నంబర్లు 37396 నుంచి 37399) కూడా నూనెవే. 2021లో అదే వర్క్‌షాపు 37400ను బొగ్గు ఇంజనుగా కట్టింది. కాబట్టి ఏది కావాలంటే అది చేయగలరు. అందుకే ఈ చర్చ.

నా పక్షం బొగ్గు. 2005లో యునెస్కో జాబితాకెక్కిన రైలులో ఇనుము ఎంత వారసత్వమో పని కూడా అంతే వారసత్వం. మంట పరచడం, పార విసరడం, పొగ రంగు చూసి గాలి సర్దడం చేతిపనులు. నూనె ఇంజన్లో అవి కవాటం తిప్పే పనిగా మిగులుతాయి.

గేజ్‌గ్లాస్:
పళ్లపట్టా గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఈ ఇంజనులో అపురూపమైనది ఏదో ముందు తేల్చుకుందాం. నాలుగు సిలిండర్లు. కింది రెండు మామూలు చక్రాల్ని, పై రెండు పళ్ల చక్రాల్ని తిప్పుతాయి. చదును దారిలో కింది జత ఒక్కటే పనిచేసి, వాడిన ఆవిరిని నేరుగా పొగగొట్టంలోకి వదులుతుంది. పళ్ల పట్టా ఎక్కగానే డ్రైవర్ కవాటం మార్చితే ఆ ఆవిరే పై జతలోకి వెళ్లి రెండోసారి పని చేస్తుంది. ఇంత చిన్న ఇంజను ఆ కొండను ఎక్కుతోందంటే దీనివల్లే. ఫైర్‌బాక్సులో ఏది మండినా ఈ ఏర్పాటు మారదు.

ఇక లెక్క. ఫర్నేస్ ఆయిల్ (కొలిమిల్లో వాడే చిక్కటి ఇంధన నూనె) కిలోకు సుమారు 10,000 కిలోకేలరీల వేడి ఇస్తుంది. మన దేశపు మామూలు బొగ్గు 4,000–5,000. అంటే 1 కిలో నూనె ఇచ్చే వేడికి 2 కిలోలకు పైగా బొగ్గు పార వేయాలి. కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కుడు తెరిపి ఇవ్వదు. గంటకు 13 కిలోమీటర్లు మించని వేగంతో, ఆవిరి గిరాకీ తగ్గకుండా సాగుతుంది. మధ్యలో మంట నీరసిస్తే ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడితే బండి ఆగుతుంది. ఆగితే మళ్లీ ఆవిరి పుట్టేదాకా బ్రేకులు బిగించి కొండ మీద కూర్చోవాలి. నూనెలో ఆ తిప్పలు బాగా తక్కువ.

కొత్తగూడెం_రైలు:
గేజ్‌గ్లాస్ గారి లెక్క సరైనదే, కానీ అందులో తప్పు బొగ్గుది కాదు, బొగ్గు ఎంపికది. సింగరేణి ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మన బొగ్గులో బూడిద 30 శాతం పైన ఉండటం మామూలే. 35 శాతం అనుకుంటే 1000 కిలోలు కాల్చినప్పుడు 350 కిలోల బూడిద మంట కింది జాలీ మీదా బూడిద పెట్టెలోనూ చేరుతుంది. అది కరిగి కిట్టం (గట్టి ముద్ద) కట్టిందంటే కింది నుంచి గాలి ఆడదు. మంట పైకి ఎర్రగానే కనిపిస్తుంది కానీ ఆవిరి పుట్టదు.

కొండ రైలుకు కావలసింది బూడిద 15 శాతం లోపు ఉండి, బూడిద త్వరగా కరగని బొగ్గు. గడ్డ పిడికిలంత, అంటే 5 నుంచి 8 సెంటీమీటర్లు ఉండాలి. పొడి ఎక్కువైతే ఆ పొడే నిప్పురవ్వలై ఎగురుతుంది. వేసే పద్ధతి: ఒకేసారి గుట్ట పోయకుండా ఒక్కో పార తరచుగా, మూలలకూ గోడల పక్కకూ ముందు, నడుమకు తర్వాత. వేసిన వెంటనే తలుపు రెండు అంగుళాలు తెరిచి ఉంచితే పైనుంచి గాలి అంది నల్ల పొగ తగ్గుతుంది. పొగ లేత బూడిద రంగుకు తిరగ్గానే మూసేయాలి. నీళ్లు పట్టడానికి ఆగే హిల్‌గ్రోవ్, రన్నీమీడ్‌లలో జాలీ కదిపి కిట్టం విడగొట్టుకుంటే కూనూరు దాకా ఇబ్బంది ఉండదు. రోజూ ఊరికి కరెంటు ఇవ్వడం కాదుగా, ఒక్క ఇంజనుకే. అంతపాటి మంచి బొగ్గు దొరక్కపోదు.

కల్లార్‌మలుపు:
దొరకడం గురించి ఒక మాట. బ్రిటన్‌లో వారసత్వ రైళ్లకు బొగ్గు ఇచ్చిన వేల్స్‌లోని ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023లో మూతపడింది. అక్కడివాళ్లు ఇప్పుడు దిగుమతి బొగ్గు కొంటున్నారు, మొక్కల పదార్థం కలిపి అచ్చుపోసిన దిమ్మలు పరీక్షిస్తున్నారు. మనకు గనులున్నా, ఒక ఇంజను కోసం ఏడాది పొడుగునా ఒకే నాణ్యత సరుకు పంపించే ఏర్పాటు చేయడం తేలిక కాదు.

బొగ్గుపార:
నూనె పక్షం వాళ్లు ఎక్కుడు గురించే మాట్లాడుతున్నారు. దిగుడు సంగతో? అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

దిగేటప్పుడు ఇంజనుకు ఆవిరి పెద్దగా అక్కర్లేదు. సిలిండర్లే గాలిని కుదించి బండిని నిలువరిస్తాయి, దానికి తోడు ప్రతి పెట్టె మీదా బ్రేక్‌మన్ ఉంటాడు. ఆ గంటన్నర, రెండు గంటలూ నూనె ఇంజన్లో బర్నర్‌ను దాదాపు ఆర్పేస్తారు. బొగ్గు మంటైతే నిప్పుల పరుపు మందంగా ఉండి వేడి నిలబెడుతుంది. నూనె మంట వెనక ఆ పరుపు లేదు. తగ్గించిన క్షణం నుంచే చల్లగాలి ఫైర్‌బాక్సులోకి దూరుతుంది. వేడెక్కి ఉన్న ట్యూబుల (బాయిలర్ నీళ్ల గుండా వేడి పొగ వెళ్లే గొట్టాల) కొసలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి, ఫైర్‌బాక్సు రేకు మాత్రం నెమ్మదిగా చల్లారుతుంది. ఇలా వందసార్లు జరిగితే ట్యూబు కొస దగ్గర నీటి చెమ్మ, తర్వాత కారడం, ఆపైన స్టే కడ్డీల్లో (ఫైర్‌బాక్సు గోడల్ని బిగించి పట్టేవి) పగుళ్లు.

రెండోది గంధకం. ఫర్నేస్ ఆయిల్‌లో అది 3–4 శాతం దాకా ఉండొచ్చు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు పొగలోని తేమతో కలిసి ఆమ్లమై పొగపెట్టె (పొగగొట్టం కింద పొగ చేరే గది) అడుగునీ ట్యూబుల ముందు కొసల్నీ తినేస్తుంది. మూడోది, ఆ నూనె మామూలు వేడిలో బెల్లం పాకంలా ఉంటుంది. 100 డిగ్రీల దగ్గరికి వేడి చేసి ఆవిరితో తుంపరగా చిమ్మితేగానీ సరిగ్గా మండదు. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ ఆవిరి ఎక్కడిది? షెడ్డులో వేరే బాయిలరైనా ఉండాలి, కుదించిన గాలైనా ఉండాలి. బొగ్గు ఇంజనుకు నాలుగు కట్టెలూ నూనె గుడ్డా చాలు.

గేజ్‌గ్లాస్:
బొగ్గుపార గారు చెప్పిన మూడూ నిజమే. మూడింటికీ మందు ఉంది.

చల్లగాలికి: బర్నర్ పూర్తిగా ఆర్పొద్దు, చిన్న మంట నిలపాలి. మంట తగ్గించే చేతితోనే డ్యాంపర్ (కింది గాలి తలుపు) మూయాలి, బ్లోయర్ (పొగను పైకి లాగే ఆవిరి ధార) మంట వెనక్కి తిరగనంత మాత్రమే ఉంచాలి. ఫైర్‌బాక్సు అడుగునా గోడల కిందిభాగానా మంచి ఫైర్ ఇటుక పరిస్తే ఆ ఇటుకే కొంతవరకు నిప్పుల పరుపు పని చేస్తుంది. ఇటుక రాలిపోయి ఉన్నా పట్టించుకోకుండా నడిపితేనే మీరు చెప్పిన పగుళ్లు వస్తాయి. పొద్దున మంట పెట్టేటప్పుడూ అంతే. నూనెతో గంటలో ఒత్తిడి లేపొచ్చు, కానీ లేపకూడదు. చల్లటి బాయిలర్‌కు బొగ్గుతో పట్టేంత సమయమే నూనెతోనూ ఇవ్వాలి.

మీరు చెప్పకపోయినా మసికి కూడా: ఇంజను గట్టిగా లాగుతున్నప్పుడు తలుపు రంధ్రంలోంచి ఒక గరిటె పొడి ఇసుక వేస్తే, ఆ ఊపుకు అది ట్యూబుల్లోంచి పోతూ మసిని గీకేస్తుంది. ఆ నిమిషం నల్ల పొగ వస్తుంది కాబట్టి స్టేషన్ దగ్గర చేయొద్దు.

గంధకానికీ చిక్కదనానికీ ఒకటే జవాబు: డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి మనకు వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షలకు 10 పాళ్లు. వేడి చేసే పనిలేదు. ఖరీదు ఎక్కువ, అది ఒప్పుకుంటాను. ఎస్‌ఎల్‌ఎం వాళ్లే 1992–1996 మధ్య బ్రియెంజ్ రోట్‌హార్న్ కొండ రైలుకు తేలిక నూనెతో నడిచే కొత్త ఆవిరి ఇంజన్లు కట్టారు. అదీ మన లైను వాడే ఆబ్ట్ రకం పళ్ల పట్టాయే, ఏటవాలు 4 మీటర్లకు 1 మీటరు. అక్కడ ఒక్కరే ఇంజను నడుపుతారు.

కల్లార్‌మలుపు:
ఇంకా ఎవరూ అడవి మాట ఎత్తలేదు. కల్లార్–కూనూరు దారి అడవి గుండానే వెళ్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాలిన ఆకు పొడిపొడిగా ఉంటుంది. పొగపెట్టెలో రవ్వలు పట్టే జల్లెడ బిగిస్తే చాలంటారు. కన్నాలు పెద్దవైతే రవ్వ దాటుతుంది. చిన్నవైతే పొగ లాగుడు తగ్గి ఆవిరి పుట్టదు, అప్పుడు ఫైర్‌మన్ మంటను ఎగదోస్తాడు, మళ్లీ రవ్వలే. అమెరికాలో కొలరాడోలోని డురాంగో–సిల్వర్టన్ రైలు ఉదాహరణ చూడండి. 2018 జూన్‌లో 54,000 ఎకరాలు కాల్చిన ‘416 ఫైర్’ అనే కార్చిచ్చుకు ఆ రైలు రవ్వే కారణమని అక్కడి ప్రభుత్వం దావా వేసింది. 2022లో 2 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఆ తర్వాత ఇంజన్లను వరసగా నూనెకు మార్చారు. అమెరికా రైలు కంపెనీ యూనియన్ పసిఫిక్ 1941 నాటి బిగ్ బాయ్ 4014 ఆవిరి ఇంజనును బాగుచేసి 2019లో మళ్లీ పట్టాలెక్కించినప్పుడు కూడా బొగ్గు తీసేసి నూనెకే మార్చింది. దాన్ని చూడటానికి వచ్చే జనం ఏమీ తగ్గలేదు.

నీలగిరిలో ఒక్క రవ్వ చాలు. దాని ఖర్చు రైలు కట్టదు, అడవి కడుతుంది.

రెండోతరగతి_కిటికీ:
ప్రయాణికుడి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది హైదరాబాదు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దిగి, అక్కడి నుంచి మెట్టుపాళయం వెళ్లి పొద్దున 7:10 బండి ఎక్కేవాళ్లు. ముందుగా ఒకటి తెలియాలి: ఆవిరి ఇంజను కూనూరు దాకానే. అక్కడి నుంచి ఊటీకి మామూలుగా వైడీఎం4 డీజిల్ లాగుతుంది. ఊటీ నుంచి కూనూరుకు మధ్యాహ్నపు టికెట్టు తీసుకుని ఆవిరి బండి ఎక్కామనుకునేవాళ్లు ఎందరో!

ఆవిరి కోసమే వెళ్తే ఎక్కుడు ప్రయాణం తీసుకోండి. దిగుడులో ఇంజను ఆవిరితో లాగదు, బండిని నిలువరిస్తుందంతే. ఇంజనుకు ఆనుకుని ఉండే చివరి పెట్టె ఎంచుకోండి. కల్లార్ దాటగానే చెవి పెట్టండి. పళ్ల పట్టా కొస స్ప్రింగుల మీద ఉంటుంది కాబట్టి పళ్లు కుదురుకునేదాకా బండి పాకినట్టు వెళ్తుంది. తర్వాత ఆవిరి చప్పుడు మారుతుంది, పై సిలిండర్ల కడ్డీలు కింది వాటికి ఎదురు దిశలో తిరుగుతూ కనిపిస్తాయి. హిల్‌గ్రోవ్‌లో దిగి చూడవలసింది అదే. ఇదంతా నూనె ఇంజన్లోనూ అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా రెండే: వాసన, నూనె బర్నర్ గుండ్రటి హోరు. బండి ఆగినప్పుడు ఆ హోరు మిగతా చప్పుళ్లను మింగేస్తుంది, అది నాకు నచ్చదు.

బొగ్గుపార:
తేడా వాసన మాత్రమే కాదు అన్నా. నీళ్ల మట్టం. 12కు 1 వాలులో బాయిలర్ పొడవు ప్రతి మీటరుకీ నీటి మట్టం 8 సెంటీమీటర్లు తేడా వస్తుంది. వాలు మారే చోట ఫైర్‌బాక్సు కప్పు నీళ్లలోంచి బయటపడకూడదు. బొగ్గు మంటను అప్పటికప్పుడు ఆపలేరు కాబట్టి ఫైర్‌మన్ నాలుగు మలుపులు ముందే ఆలోచించాలి: ఎక్కడ నీళ్లు ఎక్కించాలి, ఎక్కడ మంట పలచన చేయాలి. ఆ లెక్క తెలిసిన చివరి తరం వెళ్లిపోతే పుస్తకంలోంచి తిరిగి నేర్చుకోలేం.

గేజ్‌గ్లాస్:
అదే కారణంతో నూనె క్షేమం అంటాను. గేజ్ గ్లాసులో (బాయిలర్ నీటి మట్టం చూపే గాజు గొట్టంలో) నీళ్లు కనబడకపోతే నూనె కవాటం మూసేయడానికి రెండు సెకన్లు. బొగ్గు మంటను కిందికి లాగేయడానికి ఎన్ని నిమిషాలు?

పళ్లపట్టా:
అడవి వాదన, ఈ చివరి వాదన రెండూ బలమైనవి. మొదట రాసినట్టు ఏడాది పొడుగునా బొగ్గు అనను. ఇంజను రాత్రికి రాత్రి మార్చేది కాదు. జాలీ, బూడిద పెట్టె తీసి బర్నర్, ఇటుక పెట్టడం వర్క్‌షాపు పని. కాబట్టి ఇంజన్లను పంచుకోవాలి. జనవరి నుంచి మే దాకా నూనె మాత్రమే. అక్టోబరు–డిసెంబరు వానల్లో కొండచరియలు పడి లైనే ఆగుతుంటుంది, అప్పుడు లెక్క వేయలేం. జూలై నుంచి సెప్టెంబరు దాకా, నేల తడిగా ఉన్నప్పుడు, వారానికి రెండు రోజులైనా 37400 లాంటి బొగ్గు ఇంజను కొండ ఎక్కాలి. ఆ రోజులు ముందే ప్రకటించాలి, టికెట్టు ధర వేరుగా పెట్టినా సరే. ప్రతిసారీ ఫుట్‌ప్లేట్ (డ్రైవరూ ఫైర్‌మనూ నిలబడే చోటు) మీద నేర్చుకునేవాడు ఒకడు తప్పనిసరి.

కొత్తగూడెం_రైలు:
దీనికి నేను ఒప్పుకుంటాను. ఒక్కటి చేర్చండి: ఆ మూడు నెలల బొగ్గు మేలోనే ఒకే గని నుంచి ఒకే లాటుగా తెచ్చి పైకప్పు కింద పోయించాలి. వానకు నానిన బొగ్గు పొడితో ఏ ఫైర్‌మన్‌కూ పని నేర్పలేరు.

కల్లార్‌మలుపు:
బండి వెనక ట్రాలీలో నీళ్ల పంపుతో ఇద్దరు గ్యాంగ్‌మన్లు, జూలైలో అయినా. అది ఉంటే నా అభ్యంతరం లేదు.