రిషివ్యాలీలో పాపను వేయొచ్చా? ర్యాంకుల్లేని బడి అంటే అత్తగారు ఒప్పుకోవట్లేదు

ఒంగోలు అమ్మ:
పాప ఇప్పుడు మూడో తరగతి. నాలుగుకి మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో వేద్దామని నా కోరిక. చుట్టూ కొండలు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే హాస్టల్ బడి, ర్యాంకులు, ప్రైజులు ఉండవంటారు. మా ఆయన ఊ అనరు, ఊహూ అనరు. అత్తగారేమో "ఎనిమిదేళ్ల పిల్లను కొండల్లో వదిలేస్తావా, ఫస్టెవరో లాస్టెవరో తెలియని బడికి అంత డబ్బెందుకు" అని పట్టుబట్టి కూర్చున్నారు. అక్కడ చదివినవాళ్లుంటే చెప్పండి. వెబ్‌సైట్ మొత్తం చదివేశాను, అందులో లేనిది కావాలి.

కొండగాలి:
అక్కా, నేను ఏడేళ్లు ఉన్నాను. మొదటి నెల ఏడుపే, దాచడమెందుకు. సాయంత్రం అస్తాచల్ అని ఒకటుంటుంది, అందరం పడమర వైపు తిరిగి కూర్చుని సూర్యుడు దిగిపోయేదాకా మాట్లాడకూడదు. చిన్నప్పుడు నాకది శిక్షలాగే ఉండేది. మోచేతి మీద చీమ పాకుతుంటే దులుపుకోవాలా వద్దా అని టెన్షన్, పక్కవాడు నవ్వాపుకోలేక భుజాలు ఊపుతుంటాడు, వాణ్ణి చూస్తే నాకూ నవ్వొస్తుంది. తొమ్మిదిలోకి వచ్చాక ఎవరూ పిలవకపోయినా వెళ్లి కూర్చునేదాన్ని, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. అబ్బాయిలతో కలిసి చేతులు పట్టుకుని ఫోక్ డ్యాన్స్ చేయాలి, మొదట సిగ్గుతో చచ్చేవాళ్లం, తర్వాత అదో విషయమే కాదు. అన్నట్టు భోజనం పూర్తిగా శాకాహారమే, పాపకు కోడి లేకపోతే ముద్ద దిగదంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

బెజవాడ నాన్న:
ర్యాంకు లేకపోతే హాయే, ఆ తర్వాత సంగతి చూడండి. మావాడిది రిషివ్యాలీ కాదు, అదే తరహా ఇంకో బడి. పది అవగానే తెచ్చి ఇక్కడ ఓ కార్పొరేట్ కాలేజీలో పడేశాను. వారం తిరక్కుండా గోడ మీద మార్కుల లిస్టు అంటించారు, వాడి పేరు కిందనుంచి నాలుగోది. ఇంటికొచ్చి "నాన్నా, అది అందరూ చూస్తారా?" అని అడిగాడు. రెండు నెలలు సరిగా తినలేదు. తప్పు పాత బడిదనను, మధ్యలో లాక్కొచ్చిన నాదే. రిషివ్యాలీలో ఎలాగూ పన్నెండుదాకా ఉంది, ఐఎస్‌సీ అని, మన ఇంటర్ లాంటిదే. వేస్తే చివరిదాకా ఉంచండి, లేదా వేయకండి.

మదనపల్లె వాణ్ణి:
ఆ బడి పుట్టింది 1926లో, పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి మా ఊళ్లోనే 1895లో పుట్టారు. అక్కడి పెద్ద మర్రిచెట్టును చూసే స్థలం ఎంచుకున్నారని మా పెద్దలు చెప్పేవాళ్లు. మాది కరువు నేల, ఇప్పుడక్కడున్న పచ్చదనమంతా చెట్లు నాటి, నీళ్లు నిలిపి తెచ్చుకున్నదే. ఇంకో మాట, మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి. చుట్టుపక్కల పల్లెపిల్లల కోసం కూడా వాళ్లు బడులు నడుపుతారు. ఒకటి నుంచి అయిదు దాకా పిల్లలందరూ ఒకే గదిలో, ఒకే టీచరు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డుల మీద ఉంటాయి, ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, అందులోది నేర్చుకున్నాకే తర్వాతి కార్డుకి వెళ్తారు. పక్కవాడు ఎన్నో కార్డులో ఉన్నాడన్న గొడవుండదు. ఆ కార్డుల పద్ధతి ఇప్పుడు వేరే రాష్ట్రాల సర్కారు బడులకూ వెళ్లింది.

ఒంగోలు అమ్మ:
అందరికీ థ్యాంక్స్. కార్డుల సంగతి అత్తగారికి చదివి వినిపించాను. "మా వీధిబడిలోనూ అంతే, అందరం ఒకే పాకలో కూర్చునేవాళ్లం" అన్నారు, ఇంకేమీ అనలేదు. కోడి కూర సంగతి మాత్రం పాపకింకా చెప్పలేదు.