బాత్రూంలో గ్యాస్ గీజర్ మాటిమాటికీ ఆరిపోతోంది, సెన్సర్ తీయించేయొచ్చా?

కొర్లగుంట కుర్రోడు: తిరుపతిలో అద్దె ఇల్లు, ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే ఉంది. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. కొండకు పోవాలని చుట్టాలు దిగి తెల్లారుజామున వరసగా స్నానాలకు పోతే మాత్రం ఇద్దరు ముగించేలోపే టప్పున ఆరిపోతుంది. కుళాయి కట్టేసి తిప్పితే టక్ టక్ మని స్పార్క్ కొట్టి అంటుకుంటుంది, కాసేపటికి మళ్లీ అంతే. తలంటు మధ్యలో చన్నీళ్లు పడి మా పెద్దత్త తిట్టని తిట్టు లేదు. బ్యాటరీలు కొత్తవే. మెకానిక్ ఏమో ఆక్సిజన్ సెన్సర్ సతాయిస్తోంది, తీసేస్తే గోల ఉండదంటున్నాడు. తీయించేయనా?

మంగళం మామ: తీయించెయ్ అబ్బయా, ఇంత ఆలోచనెందుకు. మా ఇంట్లో ఎప్పుడో పీకించేశాం, అందరం గుండ్రాళ్లలా ఉన్నాం. వాళ్లు సెన్సర్ పెట్టేది, అది పోయేది, మనం డబ్బులిచ్చి మార్పించేది. అంతా వ్యాపారం.

బర్నర్ బాబు: మామా, నేను రోజూ చేసే పని ఇదే. ముందు అది ఎప్పుడు ఆరుతోందో చూడాల. అంటుకున్న నాలుగైదు సెకన్లకే ఆరితే మంటను కనిపెట్టే సన్న కడ్డీకి మసి పట్టి ఉంటుంది, తుడిస్తే సరిపోతుంది. పక్క కుళాయి తిప్పగానే ఆరితే నీళ్ల ప్రెషర్ చాలడం లేదు, నీళ్లు లోపలికొచ్చే చోట చిన్న జల్లెడ ఉంటుంది, బోరు నీళ్లకు ఇసుకా సున్నమూ పేరుకుని అది సగం మూసుకుపోతుంది. చాలా మోడళ్లలో 20 నిమిషాలకు దానంతటదే ఆగే టైమర్ కూడా ఉంటుంది, అది రిపేరే కాదు. కుర్రోడిది వీటిల్లో ఏదీ కాదనిపిస్తోంది, గదిలో ఆక్సిజన్ తగ్గి ఆ సెన్సరే గీజర్‌ని ఆపుతోందేమో. తలుపు బార్లా తీసి, లోపల ఎవరూ లేకుండా నీళ్లు వదిలి చూడప్పా.

లెక్కల సారు: కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఆరు లీటర్ల గీజర్ 20 నిమిషాలు మండితే పావుకిలో దాకా కాలుతుంది, అంటే మూడు ఘనపు మీటర్ల పైన గాలి. 5 అడుగుల వెడల్పు, 6 పొడవు, 8 ఎత్తున్న బాత్రూంలో ఉండేదే ఏడు లోపు. బయటి గాలి రాకపోతే సగం ఖాళీ. గాలి చాలక సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సిలిండర్ లీకైతే వాసనొస్తుంది, దీనికి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల తిరుగుతోందని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండదు. అంతదాకా రాకుండా ఆపే సెన్సర్‌నా పీకమంటున్నారు?

మంగళం మామ: వెంటిలేటర్ ఎందుకుంది సారూ? మీరు మరీ భయపెడతారు.

కొర్లగుంట కుర్రోడు: చూశా. తలుపు తీసి పెడితే ఒక్కసారి కూడా ఆరలేదు. మామ చెప్పిన వెంటిలేటర్‌కి దోమలు రాకుండా ఓనర్ ప్లాస్టిక్ షీట్ కొట్టించాడు! ఇప్పుడే పీకేశా. గీజర్ బయట పెట్టించమంటే గోడకు బెజ్జం కొట్టనివ్వనంటున్నాడు.

పద్మావతిపురం అక్క: ఈ టెన్షన్ ఎందుకు తమ్ముడూ, కరెంటు గీజర్ పెట్టుకో.

మంగళం మామ: 15 లీటర్ల ట్యాంకు ఎనిమిది మందికి ఏ మూలకమ్మా? ఒక్కొక్కరికీ మళ్లీ కాగేదాకా కూర్చుంటే దర్శనం టైం దాటిపోతుంది.

బర్నర్ బాబు: మామ ఈ ఒక్క మాట కరెక్టే. కుర్రోడా, షీట్ తీసినంత మాత్రాన తలుపేసుకుని షవర్ కింద నిలబడొద్దు. తలుపు తీసి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, కాసేపాగి స్నానాలకు పంపు. కష్టమే, కానీ గీజర్ బయటికి పోయేదాకా అంతే. సెన్సర్ తీసేస్తానన్న మెకానిక్‌ని మాత్రం మళ్లీ పిలవొద్దు.

పద్మావతిపురం అక్క: బెజ్జం ఖర్చు నాది, ఖాళీ చేసేటప్పుడు పూడ్పించి రంగేయిస్తా అని ఓనర్‌కి చెప్పి చూడు. మా ఓనర్ అట్లే ఒప్పుకున్నాడు.

బర్నర్ బాబు: ఒప్పుకుంటే వెనక ఖాళీ స్థలంలో, వాన పడకుండా పైన రేకేసి పెట్టించు. కిటికీ కింద మాత్రం వద్దు, ఆ పొగంతా తిరిగి ఇంట్లోకే వస్తుంది.