స్లో కుకర్‌లో వైట్ చికెన్ చిల్లీ: ఎండు బీన్స్ నేరుగా వేసేయవచ్చా?

కొత్తగిన్నె
వారానికి సరిపడా ఒకేసారి వండిపెట్టుకుందామని స్లో కుకర్ (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) తెచ్చుకున్నాను. మొదట వైట్ చికెన్ చిల్లీ, అంటే చికెన్, తెల్ల బీన్స్‌తో చేసే చిక్కటి అమెరికన్ కూర, చేయాలని ఉంది. చికెన్ బ్రెస్ట్, ఎండు కానెలిని బీన్స్ (తెల్ల రాజ్మా), ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, ఒరెగానో, చికెన్ స్టాక్, క్రీమ్ చీజ్, నిమ్మరసం అన్నీ పొద్దున్నే వేసేసి ‘లో’ (తక్కువ వేడి) మీద 8 గంటలు వదిలేస్తే సరిపోతుందా? చేసినవాళ్ళు చెప్పండి.

గరిటె
ఎండు బీన్స్ మాత్రం నేరుగా వేయకండి. ముందు పొయ్యి మీద మరిగించాలి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకోవచ్చు.

రాత్రిషిఫ్ట్
నేను ఏళ్ళ తరబడి నేరుగానే వేస్తున్నాను. ముందు రోజు నానబెడతాను, అంతే. నాకేమీ కాలేదు. బీన్స్ వేరే గిన్నెలో మరిగించి, వార్చి, మళ్ళీ కుకర్‌లో వేయాలంటే ఇక స్లో కుకర్ ఎందుకు? చిల్లీ మొత్తం పొయ్యి మీదే చేసుకోవచ్చుగా.

గరిటె
“నాకేమీ కాలేదు” అంటే సరిపోదండీ. బీన్స్‌లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఎర్ర రాజ్మాలో అన్నిటికంటే ఎక్కువ. కానెలిని కూడా అదే జాతి. తెల్ల రాజ్మాలో ఎర్రదాంట్లో ఉన్నదానిలో మూడో వంతు దాకా ఉంటుంది. తక్కువే, కానీ లేకపోలేదు. సరిగ్గా ఉడకని ఎర్ర రాజ్మా గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు మొదలవుతాయి.

అసలు భయం ఇంకోటి. 80 డిగ్రీల దగ్గర సన్నగా కాగితే ఆ విషం తగ్గకపోగా ఐదు రెట్ల వరకు పెరగవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. అంటే పచ్చి గింజకన్నా సగం ఉడికిన గింజ ప్రమాదం. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లనివ్వమని వాళ్ళే చెబుతారు. తెర్లడం అంటే బుడగలు ఆగకుండా పైకి రావాలి.

రాత్రిషిఫ్ట్
నా కుకర్‌లో చివరికొచ్చేసరికి బుడగలు వస్తాయి. అంచుల దగ్గర కుతకుతమంటుంది. 80 దగ్గరే ఆగిపోతుందని మీకెవరు చెప్పారు?

మూతతీయకు
బుడగలు వచ్చాయా లేదా అని మూత తీసి చూడటం మానండి. తీసిన ప్రతిసారీ పావుగంటకు పైగా వంట వెనక్కి పోతుంది.

గరిటె
అంచుల దగ్గర బుడగలొస్తే మధ్యలో కూడా తెర్లినట్టు కాదు. ఒక కుకర్ మరిగిస్తుంది, ఇంకొకటి మరిగించదు. ‘లో’ మీద కొన్ని 75 దాటవు. కొత్తగిన్నె గారి కుకర్ మీరు చూశారా?

రాత్రిషిఫ్ట్
మీరూ చూడలేదు కదా!

నెమ్మదిసెగ
క్యాన్ బీన్స్ వాడితే ఈ గొడవే లేదు. అవి పూర్తిగా ఉడికే వస్తాయి, కడిగి వేసుకుంటే ఉప్పు కూడా కొంత తగ్గుతుంది.

నాకు బీన్స్‌కంటే ఆ బ్రెస్ట్, క్రీమ్ చీజ్ గురించే బెంగ. 8 గంటల్లో బ్రెస్ట్ పీచులా ఎండిపోతుంది. మళ్ళీ వేడి చేసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. ఎముక లేని తొడ ముక్కలు వేయండి. వాటిలోని కొలాజెన్ కరిగి, రెండు ఫోర్కులతో లాగగానే మెత్తగా విడిపోతాయి, రసంలో వేయగానే రసం పీల్చుకుంటాయి. క్రీమ్ చీజ్ చివరి అరగంటలో మాత్రమే. గది వేడికి మెత్తబడ్డాక, గిన్నెలోంచి ఒక గరిటెడు వేడి రసం పోసి గిలక్కొట్టి అప్పుడు కలపండి. పొద్దున్నే వేస్తే సాయంత్రానికి తెల్లటి పలుకులుగా విరిగి పైన తేలుతుంది. నిమ్మరసమూ చివర్లోనే. ముందే పోస్తే పులుపుకి బీన్స్ మెత్తబడవు.

ఆదివారంవంట
చికెన్ ఫ్రీజర్‌లోంచి తీసి గడ్డగా వేయకండి, ముందు ఫ్రిజ్‌లో కరగనివ్వండి. గడ్డగా వేస్తే ప్రమాదకరమైన వేడిలో చాలాసేపు ఉండిపోతుంది.

గరిటె
చికెన్ సంగతి సరే, బీన్స్ మాట తేలకుండా పక్కకి పోవద్దు. ఒక విందులో ఎండు బీన్స్ నేరుగా కుకర్‌లో వేసి వండిన చిల్లీ తిని మా నాన్నగారు రాత్రంతా వాంతులతో అల్లాడిపోయారు. వండినావిడకు ఫోన్ చేస్తే “మిగతా ఎవరికీ ఏమీ కాలేదే” అన్నారు. అచ్చం ఇక్కడ రాత్రిషిఫ్ట్ గారు అంటున్న మాటే.

రాత్రిషిఫ్ట్
మీ నాన్నగారు బాధపడ్డారంటే నాకూ బాధే. కానీ అది బీన్స్ వల్లే అని ఎలా తేల్చారు? విందుల్లో గిన్నెలు గంటల తరబడి బయటే ఉంటాయి. చికెనే పాడై ఉండవచ్చు. ఒక్క రాత్రి జరిగినదాన్ని పట్టుకుని నన్ను విషం పెట్టేవాడిలా మాట్లాడుతున్నారు.

మీకు తెలియనిదొకటి చెబుతాను. నేను రాత్రంతా నిలబడి పనిచేసి ఇంటికొస్తాను. కాళ్ళు లాగేస్తుంటాయి. పొయ్యి ముందు ఇంకో అరగంట నిలబడే ఓపిక ఉంటే స్లో కుకర్ కొనేవాణ్ణే కాదు. అన్నీ వేసి పడుకుంటే లేచేసరికి వేడివేడి తిండి ఉంటుంది, అదొక్కటే నాకు దక్కే సుఖం. ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు వచ్చి దానికి మూడు పనులు కలుపుతారు. మరిగించు, వార్చు, థర్మామీటర్ పెట్టు. నాకు వండిపెట్టే మనిషి లేడండీ.

గరిటె
ఈ మాట మొదటే చెప్పాల్సింది. మీరు వండేది మీకోసం. ఏమైనా అయితే మీకే అవుతుంది, అది మీ ఇష్టం. నేను ఆదివారం వండిన డబ్బా బుధవారం మా నాన్నగారు తెరుస్తారు, మా అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి తెరుస్తుంది. అప్పుడు నేను ఇంట్లో ఉండను. వాసన చూసి చెప్పడానికి కూడా ఉండను. వారానికి వండిపెట్టడం అంటే నాకు పని తగ్గించుకోవడం కాదు, నేను లేనప్పుడు కూడా వాళ్ళు నిశ్చింతగా తినాలి. అందుకే మీకు అదనంగా కనిపించే అరగంట నాకు అసలు పని.

నెమ్మదిసెగ
ఇంతసేపూ ఇద్దరూ వేర్వేరు వంటల గురించి మాట్లాడుతున్నారు.

రాత్రిషిఫ్ట్ గారూ, సెలవు రోజున పెద్ద గిన్నెలో బీన్స్ ఒకేసారి మరిగించి, మెత్తబడే దాకా ఉడికించి, విడివిడి డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పని రోజు ఒక డబ్బా, చికెన్ ముందు రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి దింపుకుంటే పొద్దున్న కుకర్‌లో వేసి పడుకోవచ్చు.

గరిటె గారూ, బీన్స్ కన్నా చల్లార్చే దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. కుకర్ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే ఆ మందపాటి పింగాణీ లోపల చిల్లీ గంటల కొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి తీసి 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులే. మిగతావి మొదటి రోజే ఫ్రీజర్‌లోకి, అదీ క్రీమ్ చీజ్ కలపకముందు. కలిపి గడ్డకట్టిస్తే కరిగాక నీళ్ళూ పలుకులూ విడిపోతాయి. తినేటప్పుడు మళ్ళీ 74 డిగ్రీల దాకా వేడి చేయాలి, అదీ పొయ్యి మీదో మైక్రోవేవ్‌లోనో, స్లో కుకర్‌లో కాదు.

రాత్రిషిఫ్ట్
నా కుకర్ మరుగుతుంది. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఫ్రీజర్ పద్ధతి మాత్రం పనికొచ్చేలా ఉంది. సెలవు రోజున పొయ్యి దగ్గర నిలబడటానికి నాకేం ఇబ్బంది లేదు.

గరిటె
ఆ ఒక్కటి చేయండి చాలు. కుకర్ గురించి ఇంక వాదించను.

కొత్తగిన్నె
అందరికీ థాంక్స్. ఈసారికి క్యాన్ బీన్స్, తొడ ముక్కలు. రుచి కోసం తర్వాత ఎండు బీన్స్ ఉడికించి దాచుకుంటాను. ఫ్రీజర్‌లో పెడితే తొక్కలు ఊడిపోతాయా?

గరిటె
వార్చి పొడిగా పెడితే పగిలిపోతాయి. మరిగించేటప్పుడు పోసిన కొత్త నీళ్ళలోనే ఉడకనిచ్చి, గింజలు మునిగేలా ఆ నీళ్ళతోనే పెట్టండి. డబ్బా పైన రెండు వేళ్ళ జాగా వదలండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. చిల్లీ పలచగా వస్తే ఆ గింజలు ఓ గుప్పెడు మెదిపి కలపండి, పిండి వేయాల్సిన పనే ఉండదు.